రెండున్నరేళ్ళ ఒప్పందం

నేను ఆదోనిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెబుతాను. నాకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం సంకీర్ణ ప్రభుత్వాలు. మిగతా పాఠాలు పుస్తకం చేతిలో పట్టుకుని చెప్పినా, ఈ ఒక్కదానికి మాత్రం పుస్తకం బల్ల మీద పెట్టేసి సుద్దముక్క తీసుకునేవాణ్ణి. బయట పత్తి లారీలు మార్కెట్ యార్డు వైపు పోతూ దుమ్ము లేపుతుంటాయి. ఆ మోతలో వెనక బెంచీలదాకా వినపడేట్టు గొంతు పెంచి చెప్పేవాణ్ణి.

"పొత్తులు నిలబడేది నాయకుల మంచితనం వల్ల కాదు, కూలేది వాళ్ళ చెడ్డతనం వల్లా కాదు. నిబంధనలు చూడండి" అనేవాణ్ణి. ఎవరికీ మెజారిటీ రానప్పుడు గవర్నరు ముందు ఎవర్ని పిలుస్తాడు? విప్‌ను కాదని ఓటేస్తే సభ్యత్వం ఉంటుందా, పోతుందా? అవిశ్వాస తీర్మానం ఎప్పుడు పెట్టవచ్చు, ఎంతమంది కావాలి? జర్మనీలో కొత్తవాణ్ణి ఎన్నుకోకుండా పాతవాణ్ణి దింపడానికి వీల్లేదు, అందుకే అక్కడ పొత్తులు ఊరికే విడిపోవు. మన దగ్గర అయితే చిన్న పార్టీ ఏ రోజైనా మద్దతు వెనక్కి తీసుకోవచ్చు, అందుకే పెద్ద పార్టీ దాన్ని బుజ్జగిస్తూ ఉంటుంది. ఇవన్నీ పిల్లలు రాసుకునేవాళ్ళు. ఇప్పుడైతే ఢిల్లీలోనూ సంకీర్ణమే, రాష్ట్రంలోనూ సంకీర్ణమే. ఉదాహరణల కోసం వెతుక్కోవలసిన పని కూడా లేదు.

ఇంత తెలిసినవాణ్ణని నాకు గట్టి నమ్మకం ఉండేది. ఆ నమ్మకంతోనే మా అక్కకు నేనొక కాగితం రాసిపెట్టాను.

అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. నాకంటే ఆరేళ్ళు పెద్ద. ఆమె ఊరు ఆదోని నుంచి గంటసేపు బస్సులో పోయి, దిగి, ఇంకో రెండు మైళ్ళు నడిస్తే వస్తుంది. మండలం పేరు ఇక్కడ రాయను. నల్లరేగడి నేలలు, వాన పడితే పత్తి, పడకపోతే ఏమీ లేదు. ఊళ్ళో ఉన్న రెండు బోర్లలోనూ సవుడు నీళ్ళే. ఆ నీళ్ళతో పప్పు ఉడకదు, తాగితే నాలుక మీద పేరుకుపోయినట్టుంటుంది. తాగేనీళ్ళకు ఆడవాళ్ళు తోపుడుబండ్ల మీద బిందెలు పెట్టుకుని పక్క ఊరికి పోవాలి. ఆ పక్క ఊరిదాకా కాలువ నీళ్ళ పైపు వచ్చింది. అక్కడ ఆగిపోయింది.

జనవరి నెల రాగానే ఆ ఊరు సగం ఖాళీ అవుతుంది. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు. దాన్ని మేము సుగ్గి అంటాం. మా అక్క ఇరవై ఏళ్ళుగా సుగ్గికి పోతోంది. అందులో పన్నెండేళ్ళు గుంపుకు పెద్దదిక్కుగా పోయింది. రైతుతో మాట్లాడేది ఆమే, టెంపో కుదిర్చేది ఆమే, ఎవరికి జ్వరం వచ్చినా ఆసుపత్రికి తీసుకుపోయేది ఆమే. ఒకసారి అక్కడ కాన్పు వచ్చిన పిల్లను గుడారంలోనే దగ్గరుండి గట్టెక్కించిందని ఆ ఊరి ఆడవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. అందుకే మండల పరిషత్తు ఎన్నికలు వచ్చినప్పుడు వాళ్ళే ఆమెను నిలబెట్టారు. ఏ పార్టీ టిక్కెట్టూ లేదు. ఇండిపెండెంటుగా నిలబడి గెలిచింది.

మండలంలో మొత్తం పదిహేను స్థానాలు. ఒక పార్టీకి ఏడు, ఇంకో పార్టీకి ఏడు వచ్చాయి. మిగిలిన ఒక్కటీ మా అక్కది.

ఫలితాలు వచ్చిన మర్నాడు పొద్దున్నే ఆమె ఇంటి ముందు కారు ఆగింది. మొదటి పార్టీ తరఫున అధ్యక్షుడు కావాలనుకుంటున్న ఆయన తానే స్వయంగా దిగి, "రామ్మా, మనవాళ్ళంతా బళ్ళారిలో ఉండారు" అని పిలుచుకుపోయాడు. గెలిచినవాళ్ళను ఎదుటి పార్టీవాళ్ళు లాక్కోకుండా ఎక్కడో ఒకచోట దాచిపెట్టడం ఇక్కడ మామూలే. క్యాంపు అంటారు. ఆ మధ్యాహ్నం ఆయన ఫోన్ నుంచే అక్క నాకు ఫోన్ చేసింది.

"నా ఫోను కింద తీసిపెట్టుకున్నారప్పా. ఏందేందో మాట్లాడతాండారు. నాకు తెలీడం లేదు. నువ్వు ఒకసారి రా."

మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి బళ్ళారి బస్సెక్కాను. వాళ్ళు దిగిన లాడ్జీలో రెండో అంతస్తంతా వాళ్ళదే. ఆడ సభ్యులు నలుగురు ఒక గదిలో మంచాల మీద కూర్చుని టీవీ చూస్తున్నారు. వాళ్ళ మొగుళ్ళు వరండాలో కుర్చీలు వేసుకుని రాజకీయం మాట్లాడుతున్నారు. అక్క మేడ మీద, నీళ్ళ ట్యాంకు నీడలో ఒక్కతే నిలబడి ఉంది. కొత్త చీర కట్టుకుంది. నన్ను చూడగానే ఆమె మొహంలో కనిపించిన తేలికదనం నాకింకా గుర్తుంది.

"ఏమడుగుతాండారు?" అన్నాను.

"నాకు ఏం కావాలో సెప్పమంటాండాడు. పైపు అడిగినా. మన ఊరికి పైపు ఏసి నీళ్ళిస్తే సాలు, నీకే సెయ్యెత్తుతా అన్యా. సరే అన్యాడు. అంతేగదా?"

ఆ రోజు నేను కూడా అంతే అని ఉంటే ఎలా ఉండేదో. నేను అనలేదు. బోర్డు ముందు నిలబడ్డట్టు నిలబడి ఆమెకు పాఠం చెప్పాను.

"అక్కా, నీ ఒక్క చెయ్యి మీద ఆయన పదవి ఆధారపడి ఉంది. అట్లాంటప్పుడు పైపు ఒక్కటే అడిగితే ఎట్ల? పదవిలో వాటా అడగాల. సగం కాలం ఆయన, సగం కాలం నువ్వు. రెండున్నరేళ్ళు నువ్వే అధ్యక్షురాలివైతే నీళ్ళకోసం ఒకరిని అడిగే పనుండదు. దేశమంతా పొత్తులు ఇట్లనే సేసుకుంటారు."

"నేను అధ్యక్షురాలు ఏందప్పా. నాకు సంతకం తప్ప రాయడం రాదు."

"నేనుండాను గదా."

ఆమె కింద రోడ్డు మీద పోతున్న బస్సులను చూస్తూ నిలబడింది. తర్వాత, "నువ్వు సెప్పినావంటే సరే" అంది.

కింద గదిలో కూర్చుని స్టాంపు కాగితం మీద ఒప్పందం నేనే రాశాను. మొదటి రెండున్నరేళ్ళు ఆయన, ఆ రోజు రాగానే రాజీనామా, మిగిలిన రెండున్నరేళ్ళు మా అక్క, ఆయన పక్షంలోని ఏడుగురూ ఆమెకు మద్దతు. ఆ కింద 'ఉమ్మడి కార్యక్రమం' అని శీర్షిక పెట్టి మొదటి అంశంగా ఊరికి మంచినీళ్ళ పైపు రాశాను. అక్షరాలు గుండ్రంగా, అందంగా వచ్చాయి. ఆయన పూర్తిగా చదివాడు. నా వంక చూసి నవ్వి, "బాగా రాసినావు సారూ" అని వెంటనే సంతకం పెట్టేశాడు. తిరుగు ప్రయాణంలో నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. పుస్తకంలో ఉన్నది నా చేతుల మీదుగా జరిగిందనుకున్నాను.

ఎన్నిక రోజు మండలాఫీసు హాలు కిటికీ దగ్గర నిలబడి చూశాను. ఆఫీసరు అభ్యర్థుల పేర్లు చదివి, మద్దతిచ్చేవాళ్ళు చేతులెత్తండి అన్నాడు. ఏడు చేతులు లేచాయి. మా అక్క ఒకసారి కిటికీ వైపు చూసి తన చెయ్యి ఎత్తింది. ఎనిమిది. బయట టపాకాయలు పేల్చారు.

మొదటి ఏడాది గడిచింది. మూడు నెలలకొకసారి సర్వసభ్య సమావేశం జరిగేది. అక్క ప్రతి దానికీ పోయేది. లేచి నిలబడి, "మా ఊరి నీళ్ళ సంగతి ఏమాయ?" అని అడిగేది. అంచనాలు పంపాం అనేవాళ్ళు. తర్వాతి సమావేశంలో అంచనాలు తిరిగి వచ్చాయి, మళ్ళీ పంపుతున్నాం అనేవాళ్ళు. రెండో ఏడు ఇంకో రెండు ఊళ్ళకు పైపులు పడ్డాయి. ఒక దానికి అసలు అంత అవసరం కూడా లేదు. మా అక్క ఊరి దగ్గరికి మాత్రం ఎవరూ కొలతలు తీయడానికైనా రాలేదు. నేను ఆమెకు ధైర్యం చెబుతూనే ఉన్నాను. ఓపిక పట్టు, రెండున్నరేళ్ళు అయితే నువ్వే అన్నాను.

రెండున్నరేళ్ళు నిండిన వారానికి ఒక ఆదివారం ఇద్దరం ఆయన ఇంటికి పోయాం. ఒప్పందం జిరాక్సు నా సంచిలో ఉంది. ఆయన మర్యాదగానే కూర్చోబెట్టాడు. టీ తెప్పించాడు. నేను కాగితం తీసి బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"రాజీనామా నేను సేస్తానంటే మావాళ్ళు ఒప్పుకునేట్టు లేరు సారూ. పైనోళ్ళు కూడా వద్దంటాండారు. నన్నేం సెయ్యమంటావు?"

"మాటిచ్చినారు గదా. సంతకం కూడా పెట్టినారు."

"పెట్టినా. కాదని యాడ అన్యా? మీకు అంతగా అనిపిస్తే అవిశ్వాసం పెట్టుకోండి."

అది అన్నప్పుడు ఆయన మొహంలో కోపం లేదు. అక్క అప్పటిదాకా తలవంచుకుని కూర్చుంది. తలెత్తి, "పదవి నువ్వే పెట్టుకోన్నా. మా ఊరికి పైపు ఏపిచ్చు" అంది.

ఆయన ఆ తర్వాత చెప్పిన మాటలు నన్ను చూసి చెప్పాడు.

"సారూ, నువ్వు సదువుకున్నోడివి, నీకు తెలియాల. ఆయమ్మ పైపు ఒక్కటే అడిగింటే నేను మొదటి ఏడే ఏసిచ్చింటా. ఎనిమిదో సెయ్యి, ఎందుకు పోగొట్టుకుంటా? నువ్వొచ్చి సగం పదవి రాసినావు. రేప్పొద్దున నా కుర్చీలో కూర్చునేదానికి నా సేతుల్తో నేనే పేరు తెచ్చిపెడతానా? ఆ ఊరికి నీళ్ళిస్తే మండలమంతా ఆయమ్మనే గదా మెచ్చుకునేది."

టీ తాగకుండానే లేచాం. అక్కతో బస్టాండుదాకా నడిచాను. బస్సు వచ్చేముందు ఆమె, "నీకు తెలిసింది నువ్వు సెప్పినావు. పోనీలే" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

నాకొక దారి ఉందనిపించింది, అవిశ్వాసం. రెండో పార్టీకి ఏడుగురున్నారు, అక్క కలిస్తే ఎనిమిది. సగం కంటే ఎక్కువే. మర్నాడు కాలేజీ అయ్యాక ఎమ్మిగనూరు పోయాను. అక్కడ నాతోపాటు డిగ్రీ చదివిన మిత్రుడు వకీలుగా ఉన్నాడు. చీరల కొట్టు మీద ఆయన గది. వాళ్ళ నాన్న మగ్గం నేసి ఆయన్ను చదివించాడు. ఇప్పుడు ఆ వీధిలో మగ్గం చప్పుడు వినపడాలంటే చెవి ఒగ్గి వినాలి.

నా మాటలు అన్నీ విని, అలమరలోంచి పంచాయతీరాజ్ చట్టం పుస్తకం తీసి నా ముందు పెట్టాడు. "భాయ్, ఇది ఎప్పుడైనా తెరిచి సూసినావా?" అన్నాడు.

చూడలేదు. ఇరవై ఏళ్ళు రాజ్యాంగం చెప్పాను. జర్మనీది, ఇటలీది చెప్పాను. మా మండలాఫీసును నడిపే చట్టాన్ని ఒక్కసారి కూడా తెరవలేదు.

ఆయన వేలు పెట్టి చూపించాడు. మండలాధ్యక్షుడు పదవిలోకి వచ్చిన నాలుగేళ్ళదాకా అవిశ్వాస తీర్మానం నోటీసు ఇవ్వడానికి వీల్లేదు. ఇచ్చినా సగం చాలదు. మొత్తం సభ్యుల్లో మూడింట రెండు వంతుల మంది కావాలి. పదిహేనుకు పది.

"అసెంబ్లీ అయితే వేరే సంగతి" అన్నాడు. "ఆడ మద్దతిచ్చినోడు పొద్దున లేస్తే వెనక్కి తీసుకోవచ్చు. ఆ భయం ఉంటాది గాబట్టి ఇచ్చిన మాటకు కొంత విలువ ఉంటాది. ఈడ మీ అక్క సెయ్యి ఎత్తి దించిందో లేదో, ఆమెతో ఆయనకు పని అయిపాయ. నాలుగేళ్ళు ఆయన్ను కదిలించేవాడు లేడు. నువ్వు రాసిన కాగితం కోర్టులో చెల్లదు. పదవి పంచుకునే ఒప్పందాన్ని ఏ జడ్జీ అమలు చేయించడు."

"ఈ నిబంధన ఎందుకు పెట్టినారు?"

"రోజుకొకడు అధ్యక్షుణ్ణి దింపుతాంటే పనులు జరగవని. మంచికే పెట్టినారు."

నేను క్లాసులో చెప్పేది సరిగ్గా అదే. మనుషుల్ని కాదు, నిబంధనల్ని చూడండి. బళ్ళారి లాడ్జీ మేడ మీద నేను చూసింది మా అక్క చెయ్యి ఒక్కటే.

ఊళ్ళో ఆమె గురించి మాటలు మొదలయ్యాయి. మూడేళ్ళవుతున్నా పైపు రాలేదంటే ఆమె ఏదో పుచ్చుకుని ఊరుకుందని ఎవరో అన్నారు. తర్వాత చాలామంది అన్నారు. పక్క ఊరి కొళాయి దగ్గర బిందె పెట్టి నిలబడితే, సుగ్గిలో పదేళ్ళు ఆమె వెంట నడిచిన మనిషే, "నీకేమి, అధ్యక్షుడు మీ ఇంటికే ట్యాంకరు పంపుతాడు గదా, నువ్వు యాల వచ్చినావు?" అందట. ఈ సంగతి అక్క నాకు చెప్పలేదు, బావ చెప్పాడు. ఆ రోజు నుంచి ఆమె కొళాయి దగ్గర ఎవరూ లేని ఎండవేళ పోవడం మొదలుపెట్టింది.

రాష్ట్రంలో ప్రభుత్వం మారాక కొంచెం కదలిక వచ్చింది. అధ్యక్షుడి పక్షం నుంచి ఇద్దరు అవతలి వైపు జరిగారు. పార్టీ విప్‌ను కాదని ఓటేస్తే వాళ్ళ సభ్యత్వం పోతుంది. కానీ నాలుగేళ్ళు నిండిన తర్వాత మిగిలేది ఒక్క ఏడు, పోతే పోయిందనుకున్నారు. ఏడుగురు, ఈ ఇద్దరు, మా అక్క. సరిగ్గా పది. అవతలి పార్టీ నాయకుడు అక్క ఇంటికి వచ్చి, నీకేం కావాలని అడిగాడు. పైపు అంది. ఆయన సరేనన్నాడు. ఈసారి నేను ఏమీ రాయలేదు, ఏమీ చెప్పలేదు. నాలుగేళ్ళు ఎప్పుడు నిండుతాయా అని క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను. అప్పటికి ఇంకా ఎనిమిది తొమ్మిది నెలలున్నాయి.

జనవరి వచ్చింది. ఆ ఏడు పత్తికి పురుగు పట్టి, మిగిలింది వానకు నల్లబడింది. అక్క గుంపును తీసుకుని సుగ్గికి బయల్దేరింది. ఆమెను ఎన్ని మాటలన్నా గుంపు మాత్రం ఆమె లేకుండా కదలనంది. ఆమె కూడా వాళ్ళను వదిలేసి ఇంట్లో కూర్చునే మనిషి కాదు. "మండలం మీటింగు మార్చి ఆఖర్లో గదా ఉండేది, ఒక్కటి పోతే ఏం కాదులే" అని నాతో ఫోన్‌లో అంది. నేనూ ఏం కాదులే అన్నాను.

ఆ ఏడు మాత్రం సమావేశం జనవరి ఆఖర్లో జరిగింది. ఫిబ్రవరిలో ఒకటి, మార్చిలో ఒకటి జరిగాయి. నోటీసులు ప్రతిసారీ ఆమె ఇంటి తలుపుకు అంటించి పోయారు. తలుపుకు తాళం ఉంది. బావ కూడా ఆమెతోనే గుంటూరులో ఉన్నాడు. పక్కింట్లో ఉన్న ముసలావిడకు చదువు రాదు.

ఏప్రిల్‌లో తిరిగి వచ్చినప్పుడు తలుపు మీద కాగితాలు ఎండకు పచ్చబడి, అంచులు చిరిగి వేలాడుతున్నాయట. మీటింగు కాగితాలే కదా అని అక్క వాటిని తీసి గూట్లో పెట్టింది. మేలో సమావేశం ఉందని తెలిసి మండలాఫీసుకు పోయింది. హాజరు రిజిస్టరు దగ్గర నుంచే నాకు ఫోన్ చేసింది.

"అప్పా, రిజిస్టరులో నా పేరు లేదు."

"సరిగ్గా సూడు. కింద ఉంటాది."

"పైనుంచి కిందిదాకా సూపిచ్చుకున్యా. లేదంట. నువ్వు మెంబరు కాదమ్మా అంటాండారు. లోపలికి వద్దంటాండారు." గొంతు తగ్గించి, "అందరూ సూస్తాండారు" అంది.

వరుసగా మూడు సమావేశాలకు సెలవు అడగకుండా రాకపోతే సభ్యత్వం దానంతటదే పోతుంది. పోయిందని తెలిపే నోటీసు తలుపు మీది నాలుగో కాగితం. గడువులోగా కారణం చెబుతూ అర్జీ పెట్టుకుంటే తిరిగి తీసుకోవచ్చు. ఆ గడువు ఆమె ఊళ్ళోకి వచ్చిన నాలుగో రోజే అయిపోయింది. మళ్ళీ ఎమ్మిగనూరు పోయాను. మిత్రుడు ఆ కాగితాలన్నీ బల్ల మీద పరిచి ఒక్కొక్కటే చదివాడు. "ఒక్కటి కూడా తప్పు లేదు" అన్నాడు. "తేదీలు సరిగ్గా ఉండాయి. అంటించినట్టు సాక్షి సంతకాలుండాయి. అధ్యక్షుడు ఎవర్నో బాగా అడిగి తెలుసుకుని చేసినాడు."

సెలవు కావాలని రెండు లైన్ల అర్జీ ముందే ఇచ్చి ఉంటే ఏమీ అయ్యేది కాదు. ఆ రెండు లైన్లు రాయడానికి ఆమెకు నేనున్నాను. నేనుండాను గదా అని చెప్పింది కూడా నేనే.

"హైకోర్టుకు పోవచ్చు. కానీ తీర్పు వచ్చేలోపల వీళ్ళ కాలమే అయిపోతాది" అన్నాడు మిత్రుడు. అయినా నేను ఆ సాయంత్రమే అక్క ఊరికి పోయి, కోర్టుకు అర్జీ తయారుచేస్తానని చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్ళేరుతోంది. చేట పక్కన పెట్టి, చేతులు దులుపుకుంది.

"వద్దప్పా. ఇంక నువ్వు ఏమీ రాయద్దు."

కోపంగా అనలేదు. అన్నం తిని పొమ్మంది. తిన్నాను. పప్పు ఉడకలేదు, పలుకులుగా తగిలింది. నేను వచ్చేముందు ఇంకో మాట చెప్పింది.

"సుగ్గికి పోయినందుకే మెంబరు పోయిందని మన ఆడోళ్ళకు తెలీనీయద్దు. మావల్లనే పోయిందని బాధపడతారు. ఏమో అనుకుంటారు, అనుకోనీ."

నాలుగేళ్ళు నిండాయి. అవతలి పార్టీవాళ్ళు తొమ్మిది మందిని లెక్కేసుకున్నారు. పదిహేనులో ఒక స్థానం ఖాళీ కాబట్టి పద్నాలుగుకే లెక్క వేయరా అని వాళ్ళ మనిషి ఒకడు నన్ను అడిగాడు. ఈసారి చట్టం చూసే చెప్పాను. ఖాళీ స్థానాన్ని కూడా మొత్తంలో కలిపే లెక్కపెట్టాలి. పదే కావాలి. మా అక్క లేని కుర్చీ కూడా అధ్యక్షుడి వైపే కూర్చుంది. తీర్మానం పెట్టకుండానే వాళ్ళు ఊరుకున్నారు. అటు జరిగిన ఇద్దరూ నెల తిరక్కుండా మళ్ళీ ఇటు వచ్చారు. కాలం ఎక్కువ లేదని ఉప ఎన్నిక కూడా పెట్టలేదు. ఆ ఊరి తరఫున అడిగే మనిషి లేకుండానే మిగతా రోజులు గడుస్తున్నాయి.

నేను ఈ ఏడు కూడా ఆ పాఠం చెప్పాను. పుస్తకం చేతిలో పట్టుకుని, ఉన్నది ఉన్నట్టు చదివాను. ముందు బెంచీలో ఒక అమ్మాయి లేచి, "సార్, పార్టీలు రాసుకున్న ఒప్పందం తప్పితే శిక్ష ఏమిటి?" అని అడిగింది. ఏమీ లేదమ్మా అన్నాను. ఆమె అది కూడా రాసుకుంది. ఇదివరకైతే ఆ ప్రశ్న పట్టుకుని గంటసేపు మాట్లాడేవాణ్ణి. నేను చెప్పే నిబంధనలన్నీ ఎవరో ఒకరు మంచి ఉద్దేశంతో రాసినవే. ప్రభుత్వాలు పడిపోకుండా రాశారు, పార్టీలు చీలిపోకుండా రాశారు, సభ్యులు సమావేశాలు ఎగ్గొట్టకుండా రాశారు. అవన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చి మా అక్క మీదే పడ్డాయి. ఒక్కటి కూడా ఆమెవైపు నిలబడలేదు. ఇది పిల్లలకు ఎలా చెప్పాలో నాకు తెలియదు. చెప్పి ఏం ప్రయోజనమో కూడా తెలియదు.

కొత్త ఎన్నికల మాట వినిపించడం మొదలైంది. పోయిన వారం అక్క ఫోన్ చేసింది. అధ్యక్షుడు ఊళ్ళోకి వచ్చాడట. రచ్చకట్ట దగ్గర అందరినీ కూర్చోబెట్టి, ఈసారి తన మనిషిని పోటీ లేకుండా గెలిపిస్తే ఊరికి పైపు వేయిస్తానన్నాడట. ఊరు ఒప్పుకుంది.

"నువ్వేమన్యావు?" అని అడిగాను.

"నేనూ సరే అన్యా. నీళ్ళు ఎవరిస్తే ఏమి?"

ఎన్నిక అయ్యాక ఆయన్ను అడగడానికి ఊరి చేతిలో ఏమీ ఉండదు. అది చెబుదామని నోటిదాకా వచ్చింది. చెబితే ఏం చేయమంటావు అని ఆమె అడుగుతుంది.

"కాగితం ఏమన్నా రాసుకున్నారా?"

"లేదప్పా. కాగితం వద్దన్యాం. మాటిచ్చినాడు, సాలు."

మంచిదే అక్కా అన్నాను. వెనక నుంచి ఎవరో ఆడమనిషి ఆమెను పిలుస్తోంది, నీళ్ళకు పోయే తోపుడుబండి వచ్చిందని. ఉంటానప్పా అని ఫోను పెట్టేసింది.